నున్నగా ఉండకూడనిది

ఇల్లు, వంటగది బల్ల
జూన్ 9

ఉదయం నుంచి మబ్బు. గాలి లేదు. పెరటి కుళాయికి వాషరు మార్చాను.

అక్కకు,

నీ పడవ ఇంజను నా వంటగదికి చేరింది. లేత్ మేస్త్రీ నేనూ కలిసి రేవు నుంచి తోపుడు బండి మీద తెచ్చాం. దారి పొడుగునా నూనె చుక్కలు. వీధి మలుపు నుంచి మన గుమ్మం దాకా గీత పడింది. ఎదురింటావిడ చూసి, "ఏం బాబూ, ఇల్లు తప్పిపోకుండా గుర్తు పెట్టుకున్నావా?" అంది.

నువ్వు తాడు లాగుతూ జారిపడ్డ రోజు నుంచి పడవ గట్టుకు కట్టే ఉంది. అవతలికి వెళ్ళేవాళ్ళు పై వంతెన మీదుగా చుట్టు తిరిగి పోతున్నారు. నిన్న రేవు గుమాస్తా కనిపించాడు. సెప్టెంబరు ఐదున తనిఖీ అన్నాడు. "పడవ ఎవరి పేరున ఉందో ఆ మనిషే ఇంజను స్టార్ట్ చెయ్యాలి. అవతలి గట్టుకెళ్ళి తిరిగి రావాలి. తమ్ముడు, అల్లుడు అంటే కుదరదు. లేకపోతే రేవు ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు. నా చేతిలో ఏం లేదు" అన్నాడు. చెడ్డవాడు కాడు. చెబుతున్నప్పుడు నా మొహం చూడలేదు.

ఇంజను తల విప్పి పిస్టను బయటికి తీశాను. సిలిండరు లోపలి గోడకు నూనె మాడి గోధుమరంగు పూత పట్టింది. పైనుంచి కిందికి నిలువు గీతలు కూడా ఉన్నాయి. పిస్టను చుట్టూ ఉండే రింగులు అరిగాయి. అందుకే అంత పొగ, అందుకే నువ్వు అన్నిసార్లు తాడు లాగాల్సి వచ్చేది. మేస్త్రి లోపల వేలు తిప్పి చూశాడు. "గుండ్రం పోలేదు. బోరు కొట్టి పెద్దది చెయ్యక్కర్లేదు, రాళ్ళతో రుద్దే హోనింగ్ చాలు. కానీ నా దగ్గర వరసలో ఉన్నవి అయ్యేసరికి వానలు వెళ్ళిపోతాయి. రాళ్ళ పరికరం ఇస్తా, నువ్వే చేసుకో. నువ్వు రోజూ చేసేది అరగదీయడమేగా" అన్నాడు.

నిజమే. కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో నేను చేసేది అదే. ఆ పనీ ఎవరూ నేర్పకుండా నేర్చుకున్నదే. ఇదీ వస్తుంది. నీ కాలు ఎలా ఉందో రాయి.

తమ్ముడు

*

కూతురి ఇల్లు, మూడో అంతస్తు
జూన్ 17

ఒరేయ్ బూతద్దం,

ఉత్తరం రాయమంటే వాతావరణ కేంద్రం తెరిచావు. మబ్బుంది, గాలి లేదు, వాషరు మార్చాను. నేను మంచం మీద పడి ఉంటే నాకు వాషరు కబుర్లా? పెళ్ళాం లేదు కాబట్టి బతికిపోయావు గానీ, వంటగది బల్ల మీద ఇంజను పెట్టినందుకు నిన్నూ ఇంజన్నీ కలిపి వీధిలోకి గెంటేసేది.

ఇక్కడ అంతా బాగానే ఉంది. కూతురు పొద్దున్నే ఉద్యోగానికి పోతుంది. అల్లుడు మంచివాడేగానీ ఇస్త్రీ చేసిన మనిషి. గట్టిగా మాట్లాడితే ఎక్కడ నలిగిపోతాడోనని నేనే తగ్గి మాట్లాడుతున్నా. కిటికీలోంచి చూస్తే కింద బస్సులు, ఎదురుగా ఇంకో కిటికీ. నీళ్ళు చూడాలంటే బకెట్లో చూసుకోవాల్సిందే.

కాలు సంగతి అడిగావు. కట్టు విప్పారు. బాగానే ఉంది. మాటిమాటికీ దాని గురించి రాయడానికి అదేమన్నా పెళ్ళికూతురా?

ముసలాణ్ణి నువ్వే బాగు చేస్తానన్నావు, సంతోషం. ఇంజనని రాయకు, ముసలాడని రాయి, లేకపోతే పరాయివాడి సంగతి చదువుతున్నట్టుంది. ఒక్క మాట మాత్రం చెబుతా విను. నీ బద్ధకం చూసి ఎప్పుడూ భయపడలేదు, నీ ఓపిక చూస్తేనే నాకు భయం. చిన్నప్పుడు నాన్న పెన్సిలు చెక్కమని ఇస్తే, మొన ఇంకా చక్కగా రాలేదు, ఇంకా రాలేదు అంటూ చెక్కి చెక్కి చివరికి చిటికెన వేలంత తెచ్చి చేతిలో పెట్టావు. ఆయన దాన్ని చెవి మీద పెట్టుకుంటే జారి కింద పడింది. గుర్తుందా? ముసలాణ్ణి అలా చెయ్యకు.

సెప్టెంబరు అయిదుకి నేను అక్కడుంటా. గుమాస్తాకి చెప్పు. వాడి మొహం నీవైపు తిప్పి మరీ చెప్పు.

నీ అక్క

*

ఇల్లు, వెనక వరండా
జూలై 2

పొద్దున చినుకులు. మధ్యాహ్నం ఎండ. గొడుగు కర్రకు తీగ చుట్టాను.

అక్కకు,

హోనింగ్ అయింది.

మేస్త్రి ఇచ్చిన పరికరానికి మూడు కాళ్ళు, ఒక్కో కాలికి ఒక సన్నని రాయి. మధ్యలో స్ప్రింగు. సిలిండరులోకి దించగానే కాళ్ళు విచ్చుకుని గోడను నొక్కుతాయి. పై కొసను డ్రిల్లుకు తగిలించాలి. ముందు ఒక పాత ఇనుప గొట్టం ముక్క మీద చేయి అలవాటు చేసుకున్నాను. తరవాత సిలిండరును రెండు చెక్కల మధ్య బల్లకు బిగించి, కిరోసిన్‌లో కాస్త నూనె కలిపి పోస్తూ, డ్రిల్లును నెమ్మదిగా తిప్పుతూ, పైకీ కిందికీ ఆడించాను. చేయి ఎక్కడా ఆగకూడదు. ఆగిన చోట గాడి పడుతుంది. అలాగని రాళ్ళు అంచు దాటి పూర్తిగా బయటికీ రాకూడదు. బయటికి తీసేటప్పుడు కూడా తిరుగుతుండగానే తీయాలి.

గోధుమరంగు పూత పోయింది. నిలువు గీతలు పోయాయి. వాటి బదులు చాప అల్లికలా ఒకదాన్నొకటి దాటుకుంటూ ఏటవాలు గీతలు వచ్చాయి. ఇలాగే వస్తాయని మేస్త్రి ముందే చెప్పాడు. వస్తాయన్నాడు గానీ, ఉంచమని చెప్పలేదు. నా కంటికి గీత అంటే గీతే. మా దుకాణంలో అద్దం మీద వెంట్రుకంత గీత ఉన్నా కొన్నవాళ్ళు తిరిగి తెస్తారు. అందుకని జీరో పేపరు, అదే సన్న గరుకు కాగితం, నూనెలో తడిపి, తీరిక దొరికినప్పుడల్లా కూర్చుని ఆ గీతలన్నీ తీసేశాను. ఇప్పుడు సిలిండరు లోపల చూస్తే మొహం కనిపిస్తుంది. వంకరగానే అనుకో, కానీ కనిపిస్తుంది.

వేడి సబ్బునీళ్ళతో కడిగి, దుకాణంలో అద్దాలు తుడిచే తెల్ల గుడ్డతో, గుడ్డకు మసి అంటకుండా వచ్చేదాకా తుడిచాను. కొత్త రింగులు వేశాను. రేపు ముసలాణ్ణి బిగిస్తాను.

మనసుకు తృప్తిగా ఉంది. ఇలా సాధారణంగా రాయను.

తమ్ముడు

*

కూతురి ఇల్లు, మూడో అంతస్తు
జూలై 10

ఒరేయ్ బూతద్దం,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివా. ఆసుపత్రిలో నాతో పాటు కాళ్ళు ఆడించే కసరత్తుకొచ్చే ఆడవాళ్ళకి కూడా చదివి వినిపించా. "మీ తమ్ముడు ఇంజన్లు చేస్తాడా?" అంది ఒకావిడ. "లేదమ్మా, కళ్ళజోళ్ళు చేస్తాడు. నీళ్ళంటే భయం, నా పడవ చేయించిన రోజు నుంచీ ఒక్కసారైనా ఎక్కలేదు" అన్నా. "మరి ఎందుకంత తాపత్రయం?" అంది. కందకి లేని దురద కత్తిపీటకెందుకంటే ఏం చెప్తాం? వాడంతే అన్నా.

మనసుకు తృప్తిగా ఉంది అని రాశావు చూడు, ఆ ముక్క కత్తిరించి దాచుకుందామనుకున్నా. నీ దగ్గర్నుంచి అలాంటి వాక్యం వచ్చేసరికి నాకు జుట్టు తెల్లబడింది.

ఇక్కడ కసరత్తు చేయించే పిల్ల గడుసుది. "ఇంకొంచెం వంచండి పెద్దమ్మా, ఇంకొంచెం" అని ప్రాణం తీస్తుంది. డాక్టరు కూడా ఏవేవో చెప్పాడు. వాళ్ళు చెబుతూనే ఉంటారు.

ముసలాడు మొదటిసారి దగ్గిన రోజు వెంటనే రాయి. వాషరు సంగతి తరవాత.

నీ అక్క

*

ఇల్లు
జూలై 19

వాన. కిటికీ రెక్కకు మేకు కొట్టాను.

అక్కకు,

అందరం క్షేమం. పని జరుగుతోంది. నూనె ఇంకో డబ్బా తెచ్చాను.

తమ్ముడు

*

కూతురి ఇల్లు
జూలై 25

ఏరా,

అందరం క్షేమం అంటే ఎవరెవర్రా? నువ్వూ, గోడ మీద బల్లీనా?

ఏదో జరిగింది. నీ ఉత్తరం చదివి నాకు తెలియదనుకున్నావా? కొత్త రింగులేశాక ఇంకో డబ్బా నూనె ఎందుకు? ముసలాడు తాగుతున్నాడు. ఇదివరకటిలాగే తాగుతున్నాడు, లేకపోతే ఇంకా ఎక్కువ తాగుతున్నాడు. అవునా కాదా?

పడవ నడిపిన దాన్ని, నాకు లోపలి సంగతులు తెలియవు. కానీ నీ జూలై రెండు ఉత్తరం మళ్ళీ తీసి చదివితే ఒకటి గుర్తొచ్చింది. అమ్మ తిరగలి. తిప్పి తిప్పి రాయి నున్నబడిపోయాక గింజ జారిపోయేది తప్ప పిండి రాలేది కాదు. అప్పుడు గంట్లు కొట్టే అతను వచ్చి ఉలితో టకటకా రాయంతా గంట్లు పెట్టి వెళ్ళాడు. నువ్వు చిన్నపిల్లాడివి, వాడి పక్కన కూర్చుని "మా రాయి ఎందుకు పాడు చేస్తున్నావు" అని ఒకటే ఏడుపు. అతను నవ్వి, "నున్నగా ఉంటే చూడ్డానికి బావుంటది బాబూ, పనికి బావుండదు" అన్నాడు. నువ్వు మాత్రం అతను వెళ్ళాక గరిటెతో ఆ గంట్లన్నీ రుద్దడానికి కూర్చున్నావు. అమ్మ రెక్క పట్టుకుని లేపింది.

ముసలాడి లోపల మొహం కనిపించేంత నున్నగా చేశానన్నావే. ఆ గీతలు ఊరికే వచ్చాయంటావా? వెళ్ళి మేస్త్రిని అడుగు. నువ్వు ఎవర్నీ అడగవని నాకు తెలుసు. ఈ ఒక్కసారికి అడుగు.

తిట్టడానికి రాయలేదురా. నాకు చెప్పకుండా ఒక్కడివే కూర్చుని కుళ్ళకు.

నీ అక్క

*

ఇల్లు, వెనక వరండా
ఆగస్టు 3

రెండు రోజులుగా ఎండ. గాలి ఏటి వైపు నుంచి. వరండా బల్ల కాలు కింద చెక్క ముక్క పెట్టాను, ఊగడం తగ్గింది.

అక్కకు,

నువ్వు ఊహించింది నిజం. ముసలాణ్ణి బిగించి నడిపాను. పొగ మునుపటికంటే ఎక్కువ వచ్చింది. ఎదురింటావిడ బట్టలు తీసుకుని లోపలికి పరుగెత్తింది. బిగించడంలో తప్పేమో అనుకుని మళ్ళీ విప్పి మళ్ళీ బిగించాను. అదే పొగ. నీకు రాయలేకపోయాను.

నీ ఉత్తరం వచ్చిన రోజే సిలిండరు గుడ్డలో చుట్టుకుని మేస్త్రి దగ్గరికి వెళ్ళాను. ఆయన దీపం కింద తిప్పి చూశాడు. తరవాత పనివాళ్ళందరినీ పిలిచాడు.

"ఏంటయ్యా ఇది? ముసలాడికి కళ్ళజోడు పెడదామనుకున్నావా?"

"గీతలున్నాయి. తీసేశాను."

"ఆ గీతలు రావాలనే కదయ్యా రాళ్ళిచ్చింది! నూనె ఎక్కడ నిలవాలి మరి? నీ నెత్తి మీదా?"

"ఉంచమని మీరు చెప్పలేదు."

"అన్నం పెట్టినవాణ్ణి, నమలమని కూడా చెప్పాలా?"

అందరూ నవ్వారు. నేనూ కాస్త నవ్వాను. ఆయన చెప్పింది ఇదీ. ఆ అల్లికలో నూనె సన్నగా నిలుస్తుంది. కొత్త రింగులు మొదట్లో ఆ గరుకు మీదే రాసుకుని గోడకు తగ్గట్టు కుదురుకుంటాయి. నున్నటి గోడ మీద రింగు కుదరదు, జారుతుంది. అద్దానికి ఏది చెడుపో దీనికి అదే ప్రాణం. ఇన్నేళ్ళ నా కన్ను నాకు ఇక్కడ అడ్డం వచ్చింది.

మళ్ళీ రాళ్ళు పెట్టాను. ఈసారి అల్లిక రాగానే ఆపాను. ఆపడమే కష్టమైంది. జీరో పేపరు ఇంట్లో ఉంటే చేయి ఊరుకోదని ఎదురింటావిడకు ఇచ్చేశాను. కడిగి, తుడిచి, తుప్పు పట్టకుండా వెంటనే నూనె పూశాను. రింగులు మళ్ళీ కొత్తవి తెచ్చి వేశాను.

ముసలాణ్ణి పడవలో ఎక్కించాం. కొత్త రింగులు కుదురుకోవాలంటే ఊరికే నడిపితే చాలదు, బరువు మీద నడపాలని మేస్త్రి అన్నాడు. నాకు పడవ నడపడం రాదు. అందుకని పడవను గుంజకు గట్టిగా కట్టేశాకే ఎక్కి, గేరు వేసి నడిపాను. నీళ్ళు వెనక్కి చిమ్ముతున్నాయి, పడవ మాత్రం అక్కడే ఉంది. అవతలి బడిలో పనిచేసే పంతులమ్మ గట్టు మీద నిలబడి, "ఏమయ్యా బూతద్దం, గడప దాటకుండా ఊరేగుతున్నావా?" అంది. మధ్యాహ్నానికి పొగ తగ్గింది. సాయంత్రానికి లేదు. పంతులమ్మ తిరిగి వచ్చేటప్పుడు ఆగి విని, "గొంతు మారిందే" అంది.

ఒకటి మాత్రం చెప్పాలి. ముసలాడికి బలం వచ్చింది. తాడు లాగితే నా చేతిని వెనక్కి గుంజాడు. భుజం ఇంకా పట్టేసి ఉంది. ఇదివరకటిలా ఒంటి చేత్తో లాగితే కుదరదు. నిలబడి, కాలు అడ్డ పలకకు తన్నిపెట్టి, ఒంటి బలమంతా వేసి లాగాలి. నీకది లెక్క కాదు. నువ్వు వచ్చే తేదీ రాయి, బస్సు దగ్గరికి వస్తాను.

తమ్ముడు

*

కూతురి ఇల్లు
ఆగస్టు 10

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి ముందు సంతోషంతో అరిచాను, చివరికొచ్చేసరికి నోరు మూతపడింది.

కాలు బాగానే ఉందని రాశాను. బాగా లేదు. విరిగింది అతికిందిగానీ మోకాలు వంగడం మానేసింది. కర్ర పట్టుకుని నడుస్తాను, మెట్లు ఒక్కొక్కటీ ఎక్కుతాను. తడి పలక మీద నిలబడి కాలు తన్నిపెట్టి తాడు లాగడం మాత్రం ఇంక లేదని డాక్టరు పోయిన నెలలోనే చెప్పేశాడు. వాళ్ళు చెబుతూనే ఉంటారని నీకు రాశాను చూడు, అది ఆ రోజే.

ఎందుకు చెప్పలేదంటావా? చెబితే నువ్వు రాళ్ళు కింద పెట్టేస్తావు. నువ్వు అక్కడ ఏదో ఒకటి అరగదీస్తున్నంతసేపూ, నేను తిరిగి వెళ్తానన్న మాట నాకు నిజంలాగే ఉండేది. ముసలాడు అరిగిపోయి ఉన్నప్పుడైతే ఒంటి చేత్తో లాగినా తిరిగేవాడు. నువ్వు బాగు చేశావు, వాడు బాగైపోయాడు, బాగైపోయి నాకు కాకుండా పోయాడు. నవ్వూ వస్తోంది, ఏడుపూ వస్తోంది, అల్లుడు చూస్తాడని రెండూ ఆపుకున్నా.

కూతురు ఇక్కడే ఉండిపొమ్మంటోంది. మాటవరసకి అనే పిల్ల కాదు, నిజంగానే అంటోంది. లోటేం లేదురా ఇక్కడ. కానీ ఇక్కడ నన్నెవరూ కేక వెయ్యరు. అవతలి గట్టు నుంచి "ఓ పడవక్కా!" అని ఒక్క గొంతు వినిపిస్తే సగం అన్నంలో లేచే ప్రాణం నాది. మనుషులకేం, ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. రేవు ఇంకొకళ్ళకి వెళ్తే నాలుగు రోజుల్లో వాళ్ళని పిలుస్తారు. అది తప్పని కూడా అనను.

గుమాస్తాకి చెప్పు, రావట్లేదని. ముసలాణ్ణి ఎవరికైనా బాగా చూసుకునేవాళ్ళకి ఇచ్చెయ్. నీ పని వృథా పోలేదురా. దాని గీతలు దానికున్నాయి.

అక్క

*

ఇల్లు, వంటగది బల్ల
ఆగస్టు 14

మబ్బు విడిచింది. పడవలో నిలిచిన వాననీళ్ళు తోడి పోశాను.

అక్కకు,

ఉత్తరం అందింది. గుమాస్తాకు ఏమీ చెప్పలేదు.

ముసలాడి తల మీద ఎడమ పక్క బొటనవేలంత బొడిపె ఒకటి ఉంది, గుర్తుందా? ఏటా రంగు వేయించినప్పుడు దాని మీదా వేయించేదానివి. రంగు, తుప్పు కలిసి రాయిలా అయిపోయింది. నేనూ అదేదో బోల్టు అనుకున్నాను. నిన్న నీ ఉత్తరం చదివాక రేవుకు వెళ్ళి, కిరోసిన్ పోసి నానబెట్టి, గీకాను. అది బోల్టు కాదు. పిడి. కిందికి నొక్కి పట్టుకుంటే లోపల ఒక వాల్వు కాస్త తెరుచుకుని ఉంటుంది. గాలి బయటికి పోతుంది కాబట్టి ఇంజను ఎదురు తిరగదు. తాడు చుట్టిన చక్రం తేలిగ్గా తిరుగుతుంది. చక్రం వేగం అందుకోగానే పిడి వదిలేయాలి. అప్పుడు అంటుకుంటుంది.

ఇంజను కొత్తగా ఉన్నప్పుడు దాన్ని అలాగే స్టార్ట్ చేసేవాళ్ళన్నమాట. అరిగాక ఎదురు తిరిగే బలమే లేదు, పిడితో పని పడలేదు. నీ చేతికి వచ్చేసరికే పూడిపోయి ఉంటుంది.

కూర్చుని లాగవచ్చు. తాడును చిన్న కప్పీ మీదుగా పడవలో నువ్వు కూర్చునే బల్ల వైపు తిప్పుతాను. బల్లకు వీపు ఆనించే పలక వేస్తాను. కుడి చేతికి తాడు, ఎడమ చేతికి పిడి. కాలుతో పని లేదు.

ఒకటి కావాలి. కుర్చీలో కుడి కాలు చాపుకుని, వీపు ఆనించి కూర్చో. కుడి చేయి ముందుకు ఎంత అందుతుందో, ఛాతీ దాకా లాగితే ఎంత వస్తుందో దారంతో కొలిచి ముడులు వేసి పంపు. ఎడమ చేతిది ఇంకో దారం. సుమారుగా పంపకు.

తమ్ముడు

*

కూతురి ఇల్లు, మూడో అంతస్తు
ఆగస్టు 21

ఒరేయ్ బూతద్దం,

నేను అన్ని కన్నీళ్ళు పెట్టుకుని రాస్తే, అయ్యో అక్కా అని ఒక్క ముక్క రాయలేదు. సుమారుగా పంపకు అని రాశావు. నీలాంటి రాయిని ఏ తిరగలికైనా వెయ్యొచ్చు, గంట్లు కొట్టే పని కూడా లేదు.

ఇందులో రెండు దారాలున్నాయి. ఎర్రది కుడి చెయ్యి, నల్లది ఎడమ చెయ్యి. కొలత తియ్యడం ఎంత రభస అయిందో విను. కూతురు దారం పట్టుకుంది. ముసలాడు ఎక్కడుంటాడో తెలియాలి కదా, అల్లుడు ముందుకొచ్చాడు. "నేనుంటా అత్తయ్యా" అని నేల మీద గొంతుకూర్చున్నాడు. "పిడి నా చెవి అనుకోండి. తాడు ఈ టవలు. లాగండి." నేను మొహమాటంగా లాగా. "అలా కాదు అత్తయ్యా, ఇంజను ఊరుకుంటుందా?" అని ఎదురు గుంజాడు. నేనూ గుంజా. ఒక చేత్తో చెవి, ఒక చేత్తో టవలు. మనిషి ముందుకు బోర్లా పడ్డాడు. కూతురు నవ్వి నవ్వి గోడకి ఆనుకుంది. లేచాక చూస్తే చొక్కా అంతా నలిగిపోయింది. ఆ చొక్కాతోటే ఆఫీసుకెళ్ళాడు. ఇన్నాళ్ళూ ఆ పిల్లాడి గురించి నేనే ఇస్త్రీ బుర్రతో ఆలోచించాను.

ఆ రోజు నుంచి రోజూ కుర్చీలో కూర్చుని టవలు లాగుతున్నా. కసరత్తు పిల్ల చూసి, "కాలుకి చెప్తే చెయ్యికి చేస్తున్నారేంటి పెద్దమ్మా" అంది. నా ఇంజను సంగతి నీకేం తెలుసే అన్నా.

నాలుగో తేదీన వస్తా. కూతురు తోడొస్తుంది. బస్సు దగ్గరికి రాకు, అక్కడ నిలబడి గడియారం చూసుకుంటూ అందర్నీ కంగారు పెడతావు. ముందు ముసలాడి మొహం చూశాకే నీ మొహం చూస్తా. తాడు ఎక్కడ పెడతావో మాత్రం రాయి.

భయంగా ఉందిరా. కూతురితో అనలేదు. నీకే రాస్తున్నా.

నీ అక్క

*

ఇల్లు, వంటగది బల్ల
సెప్టెంబరు 3

తెల్లవారుజామున మంచు. తరవాత మంచి ఎండ. ఏట్లో నీళ్ళు తేటబడ్డాయి. ఈరోజు పని ఇంకా పూర్తి కాలేదు, చివర రాస్తాను.

అక్కకు,

ఈ ఉత్తరం నీకు చేరేలోపు నువ్వే ఇక్కడికి చేరతావు. అయినా రాస్తున్నాను. రాయకపోతే రోజు ముగిసినట్టు ఉండదు.

తాడు పడవలో నీ బల్ల కింద, ఎడమ పక్క కొక్కేనికి ఉందని పోయిన వారం కార్డు రాశాను. అందే ఉంటుంది.

కప్పీ బిగించాను. నీ ఎర్ర దారం ముడి దగ్గరికి తాడు కొస సరిగ్గా వస్తుంది. నల్ల దారానికి బొడిపె కాస్త దూరమైంది. మేస్త్రి దానికి చిన్న ఇనుప కడ్డీ అతికి పొడుగు చేసి ఇచ్చాడు. కడ్డీ చివర గరుకుగా ఉంది. నునుపు చేయబోయి ఆగాను. తడి చేత్తో పట్టుకునేటప్పుడు జారకూడదు కదా.

నిన్న నీలా కూర్చుని లాగి చూద్దామని మళ్ళీ పడవ ఎక్కాను. గుంజకు కట్టే ఉందిలే. నీ బల్ల మీద వీపు ఆనించి, కుడి కాలు చాపి, కదపకుండా కూర్చున్నాను. పడవ ఊగుతోంది. కింద నీళ్ళు అనే సంగతి మర్చిపోవడానికి కప్పీ వైపే చూశాను. మొదటిసారి పిడి ముందే వదిలాను, ముసలాడు కోప్పడ్డాడు. తరవాత కుదిరింది. తాడు ఛాతీ దాకా వస్తుండగా, సగం దాటాక పిడి వదలాలి. ఇది నోటితో చెబితే అర్థం కాదు, రేపు నువ్వు వచ్చాక పక్కన ఉండి చూపిస్తాను. గట్టు మీద ఉండి చూపిస్తాను అని రాయబోయాను. పక్కనే ఉంటాను.

నువ్వు భయంగా ఉందని రాశావు. దానికి ఏం రాయాలో అప్పటినుంచీ చూస్తున్నాను. నాకూ ఉంది. అంతే రాయగలను.

పంతులమ్మ రోజూ అడుగుతోంది, పడవక్క వచ్చిందా అని. గుమాస్తా కూడా అడిగాడు. ఈసారి మొహం చూసే అడిగాడు.

వచ్చే ఏడు నూనె మార్చేటప్పుడు తల మరోసారి విప్పి చూడాలి. గీతలు ఉన్నాయో

రేవు వైపు నుంచి చప్పుడు వినిపించింది. ముసలాడిలా ఉంది. ఒక్క దగ్గు, ఆగిపోయాడు.

పిడి ముందే వదిలారు ఎవరో. నేను ఇక్కడ ఉన్నాను. మేస్త్రి దుకాణంలో ఉన్నాడు. తాడు ఎక్కడుందో తెలిసిన మనిషి ఇంకొకరే.

మళ్ళీ.

అంటుకుంది. తీరుగా తిరుగుతోంది. వీధిలో ఎదురింటావిడ "బాబూ, విన్నావా!" అని కేకవేస్తోంది. విన్నాను.

పడవ కట్టు విప్పినట్టున్నారు. చప్పుడు దూరమవుతోంది. బరువు మీద నడుస్తోంది, గొంతు లోతుగా ఉంది, ఎక్కడా తడబాటు లేదు. పోయి చూడాలి. ఇంకా రాస్తూనే ఉన్నాను. ఒక రోజు ముందు వచ్చింది, చెప్పకుండా.

అవతలి గట్టు చేరినట్టుంది. చప్పుడు తగ్గింది. ఇప్పుడు ఎవరో పెద్దగా పిలుస్తున్నారు, అవతలి నుంచి. పంతులమ్మ గొంతు.

తిరిగి వస్తోంది. టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టాను. మూడు గ్లాసులు తీయాలి, కూతురు కూడా ఉంటుంది. చెప్పులు వరండాలో ఉన్నాయి. ఈరోజు చేసిన పని